బ్యాంకాక్‌లో దిగి 11 రోజులు: ఇంత రద్దీలో హారన్ ఏది?

వైజాగ్ అమ్మాయి | జూలై 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద రెండేళ్లు ఉండటానికి బ్యాంకాక్ వచ్చాను. దిగి 11 రోజులైంది. మొదట్లో కళ్లకీ చెవులకీ తగిలినవి తర్వాత అలవాటైపోయి మర్చిపోతామని మా నాన్న అంటుంటారు. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నాను. ఇక్కడ ఉన్నవాళ్లు, ఉండి వెళ్లినవాళ్లు మీ మాట కూడా చెప్పండి.

హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఎక్కితే మూడున్నర గంటల ప్రయాణం. ఇక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. అందుకని నిద్ర పట్టీ పట్టకముందే తెల్లారిపోయింది. విమానం కిందికి దిగుతుంటే కిటికీలోంచి చెరువులు, గట్లు, మధ్యలో సన్నటి కాలవలు కనిపించాయి. ఒక్క క్షణం కొల్లేరు మీదుగా వెళ్తున్నట్టే అనిపించింది. ఆ చెరువులు దాటగానే ఆరేసి వరసల రోడ్లు, వాటి మీద ఇంకో రోడ్డు, దాని పైన రైలు.

విమానాశ్రయం పేరు సువర్ణభూమి. ఇమిగ్రేషన్ దగ్గర పెద్దగా ఆలస్యం కాలేదు. ఆన్‌లైన్‌లో నింపాల్సిన అరైవల్ కార్డు ముందే నింపి ఉంచుకున్నాను. బయటికి వచ్చి 45 బాట్లకి ఒక ప్లాస్టిక్ బిళ్ల కొని రైలెక్కి ఫయా థాయ్‌లో దిగాను. ఏసీ రైల్లోంచి ప్లాట్‌ఫామ్ మీద అడుగుపెట్టగానే కళ్లజోడు మొత్తం ఆవిరి పట్టేసింది. ఉక్కపోత నాకు కొత్త కాదు, బీచ్ రోడ్డు పక్కనే పుట్టి పెరిగాను. కానీ మా దగ్గర సాయంత్రానికి సముద్రం గాలి వస్తుంది. ఇక్కడ కాంక్రీటు గోడల మధ్య గాలి ఎటూ కదలదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. మూడో రోజు సాయంత్రం అసోక్ కూడలి పైన నడక వంతెన మీద నిలబడ్డాను. కింద సిగ్నల్ పడింది. ఎర్రలైటు చాలా సేపు ఉంటుంది ఇక్కడ. కార్ల మధ్య సందుల్లోంచి మోటారు సైకిళ్లు ఒక్కొక్కటే ముందుకొచ్చి గీత దగ్గర చేరాయి. వందకి పైనే ఉంటాయి. వెనక గులాబీ రంగు ట్యాక్సీలు, ఆకుపచ్చా పసుపూ కలిసిన ట్యాక్సీలు, బస్సులు. పచ్చలైటు పడగానే అన్నీ ఒక్కసారి కదిలాయి. ఇంజన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మూడు సిగ్నళ్లు లెక్కపెట్టి చూశాను. ఒక్క హారన్ కూడా వినపడలేదు. జగదాంబ జంక్షన్‌లో ఇంత జనం ఉంటే మనిషి మాట మనిషికి వినపడదు. రద్దీ అంటే చప్పుడే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. రెండూ వేరని ఆ వంతెన మీద తెలిసింది.

రెండు ప్రశ్నలు. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఏమిటి? రెండోది, మా రైలు దారిలో స్టేషన్ల పేర్లు అసోక్, రాచ్చథేవి, ఉదోమ్ సుక్. చదువుతుంటే తెలిసినట్టే ఉంటుంది, వింటే ఒక్క ముక్క అర్థం కాదు. ఎందుకలా?

ఓరుగల్లు పిల్లగాడు | జూలై 3, రాత్రి 10:05

అక్కా, హారన్ సంగతి నిజం. నేను మూడు నెలలు ట్రైనింగ్ కోసం ఉండి వచ్చిన. తిరిగి హైదరాబాద్‌ల దిగి ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి పోయేసరికి తలనొప్పి పట్టుకున్నది. అంతకుముందు ఇరవై ఏండ్లు అదే చప్పుడుల ఉన్నోణ్ని.

ఇంకో సంగతి. సాయంత్రం ఆరు గంటలకు లుంఫిని పార్క్‌కి పో. ఆ పేరు మన బుద్ధుడు పుట్టిన లుంబినిదే. వందల మంది ఉరుకుతుంటరు, ఒకదిక్కు ఏరోబిక్స్ పాటలు మోగుతుంటయి. సరిగ్గా ఆరు కొట్టగానే మైకుల్ల జాతీయ గీతం వస్తది. ఉరికేటోళ్లు ఉరుకుడు ఆపి నిలబడతరు. నా ముందు ఒకాయన ఒక కాలు ముందుకేసి ఉన్నోడు, ఆ కాలు మెల్లగ వెనక్కి తీసుకుని నిటారుగ నిలబడ్డడు. చెమట ముక్కు మీదికెల్లి కారుతున్నది, తుడుచుకోలే. పాట అయిపోయినంక మళ్ల ఉరుకుడు మొదలు. పొద్దున ఎనిమిదింటికి కూడ రైలు స్టేషన్లల్ల ఇట్లనే. మనం కూడ ఆగాలె, అది మర్యాద.

అదే పార్కుల చెరువు గట్టు మీద మొసలి పిల్లంత ఉడుములు తిరుగుతయి. భయపడకు, వాటి దారిన అవి పోతయి.

నది ఒడ్డు | జూలై 4, ఉదయం 6:50

అమ్మా, స్వాగతం. నేను 1998లో వచ్చాను. అప్పటికి సువర్ణభూమి లేదు, దోన్ మువాంగ్‌లో దిగాం. సువర్ణభూమి 2006లో తెరిచారు.

మీరు వంతెన మీద నిలబడి చూసిన ఊరు వేరు, నేను మొదట చూసిన ఊరు వేరు. దోన్ మువాంగ్ నుంచి ఊళ్లోకి వస్తుంటే రోడ్డు పక్కన వరసగా కాంక్రీటు స్తంభాలు, పైన ఏమీ లేకుండా. రైలు, రోడ్డు కలిపి పైన కడదామని మొదలుపెట్టి వదిలేసిన హోప్‌వెల్ పథకం అది. అంతకుముందు ఏడాదే, 1997 జూలైలో, బాట్ కుప్పకూలింది. ఊరంతా సగం కట్టి ఆపేసిన మేడలు. సాథోన్ దగ్గర 49 అంతస్తుల మేడ ఒకటి అలా ఆగిపోయి ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. నదిలో పడవ మీద వెళ్తే కనిపిస్తుంది.

ట్రాఫిక్ అంటే నరకం. సుఖుంవిట్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లకి గంటన్నర పట్టిన రోజులున్నాయి. ఆఫీసుకి బయల్దేరేటప్పుడు మా ఆవిడ దారిలో తినడానికి డబ్బా, మంచినీళ్ల సీసా వేరేగా ఇచ్చేది. 1999 డిసెంబర్ 5న స్కైట్రైన్ మొదలైంది. మొదటి వారంలోనే పిల్లాణ్ని ఎత్తుకుని ఎక్కాను. ఏ రోడ్డు మీద గంటలు గంటలు కూర్చున్నామో ఆ రోడ్డు మీదుగా తొమ్మిది నిమిషాల్లో వెళ్లిపోయాం. రైల్లో ఎవరూ మాట్లాడలేదు, అందరూ కిటికీలకి అతుక్కుపోయి కిందికి చూస్తున్నారు. ఆ రోజు నేను మర్చిపోలేను.

హారన్ మాత్రం అప్పుడూ లేదు. గంటన్నర కదలకుండా ఉన్నా కొట్టేవారు కాదు. వీళ్ల మాట ఒకటుంది, 'జై యెన్'. జై అంటే గుండె, యెన్ అంటే చల్లన. ఎవరైనా తొందరపడితే 'జై యెన్ యెన్' అంటారు. మీరు ముందు నేర్చుకోవాల్సింది ఏమిటని అడిగారు కదా, నేనైతే ఇదే చెబుతాను. కౌంటర్ దగ్గర గొంతు పెంచితే పని తొందరగా అవుతుందని మనకి అలవాటు. ఇక్కడ గొంతు పెరిగిన క్షణం నుంచి పని ఆగిపోతుంది. ఎదుటి మనిషి నవ్వుతూనే ఉంటాడు, పని మాత్రం జరగదు. నాకు ఇది తెలియడానికి రెండేళ్లు పట్టింది, ఇద్దరు మంచి స్నేహితులు దూరమయ్యారు.

ఇంకో రెండు చిన్నవి. పిల్లల తల నిమరకండి, ముద్దొచ్చినా సరే. పాదాలు ఎవరివైపూ, ముఖ్యంగా బుద్ధుడి విగ్రహం వైపు, చాపి కూర్చోకండి. రెండోది మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

పప్పుచారు | జూలై 4, మధ్యాహ్నం 1:15

తిండి గురించి ఎవరూ చెప్పలేదు. శాకాహారులు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి వారం నేను పండ్లు, పెరుగు, బ్రెడ్డుతో బతికాను. కూరగాయల వేపుడు అని తెప్పించుకుంటే అందులో చేపల సాస్. నూడుల్స్ అంటే గుడ్డు, ఎండు రొయ్యలు. 'నో మీట్' అంటే వాళ్ల లెక్కలో మాంసం ముక్క వేయరు, అంతే. చేపల సాస్ వాళ్లకి మనకి ఉప్పు లాంటిది. ఉప్పు వేయొద్దని ఎవరూ చెప్పరు కదా.

నన్ను కాపాడింది రెండు మాటలు. ఒకటి 'జే'. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. చైనా బౌద్ధుల పద్ధతి. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మా అమ్మమ్మ కార్తీక మాసం వంట లాంటిదన్నమాట. రెండోది 'మంగ్‌సవిరత్'. ఇందులో గుడ్డు, పాలు ఉండొచ్చు. ఈ మాట విని నాలుగు నెలలు వాడాను కానీ ఎక్కడిదో తట్టలేదు. ఒకరోజు మెల్లగా పలికి చూసుకుంటే తెలిసింది. మాంసవిరతి!

అక్టోబర్ ప్రాంతంలో తొమ్మిది రోజులు జే పండుగ వస్తుంది. యవోరాత్, అంటే ఇక్కడి చైనా బజారు, మొత్తం పసుపు జెండాలే. చాలాసార్లు మన దసరా రోజులకి దగ్గర్లోనే పడుతుంది. సీలోమ్‌లో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి ఉంది, విజయదశమి రాత్రి ఊరేగింపు చూడండి. రోడ్డు మీద పసుపు నీళ్లు చల్లి, పూలు, కొబ్బరికాయలు పెట్టి దారి పొడవునా కూర్చునేవాళ్లలో ఎక్కువ మంది థాయ్‌లే.

లిపి పిచ్చి | జూలై 4, సాయంత్రం 5:30

వైజాగ్ అమ్మాయి గారి రెండో ప్రశ్న నాది. దీని మీద గంటలు మాట్లాడగలను.

థాయ్ వాళ్లు సంస్కృతం, పాళీ మాటలు తీసుకున్నప్పుడు రాత అలాగే ఉంచారు. నోరు మాత్రం తమ నోరే. వాళ్ల నోట్లో మాట చివర ర, ల, స లాంటివి నిలవవు. చివరి అచ్చు చాలాసార్లు పోతుంది. వ అనేది వ్‌కీ ఉకీ మధ్యగా పలుకుతుంది. అందుకని సువర్ణభూమి అని రాసి 'సువన్నఫూమ్' అంటారు. ట్యాక్సీ అతనికి మనం స్పష్టంగా సువర్ణభూమి అని చెబితే ఒక్కోసారి అర్థం కాదు. మీ స్టేషన్లు చూడండి. రాచ్చథేవి రాజదేవి. ఉదోమ్ సుక్ ఉత్తమ సుఖం. సురసక్ శూరశక్తి. అసోక్ మన అశోకమే. రోడ్డు పేరు ఫెచ్చబురి ఉంది కదా, అది వజ్రపురి.

రోజూ వినే మాటలు ఇంకా బాగుంటాయి. ఆహాన్ అంటే ఆహారం. ఫాసా అంటే భాష. సథానీ అంటే స్టేషన్, మన స్థానమే. వేలా అంటే సమయం, మన వేళ. టీచర్ని ఖ్రూ అంటారు, గురువు. ఫోన్‌ని థోరసప్ అంటారు, దూరశబ్దం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది బండి. ఏ బండైనా 'రోత్'. రాతలో చూస్తే రథం. రైలు 'రోత్ ఫై'. ఫై అంటే నిప్పు, థాయ్ మాట. నిప్పురథం! మన తాతలు రైలుని పొగబండి అన్నారు, వీళ్ల తాతలు దాని పొయ్యిని చూశారు.

ఊరి పేరు బ్యాంకాక్ అని మనమే అంటాం. వాళ్లు 'క్రుంగ్ థేప్' అంటారు, దేవతల నగరం. పూర్తి పేరు చాలా పెద్దది. మన పలుకుబడిలో రాస్తే దాదాపు ఇలా ఉంటుంది: మహానగర, అమరరత్నకోసింద్ర, మహేంద్రాయుధ్య, మహాతిలకభవ, నవరత్న రాజధాని పురీరమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమర విమాన అవతార స్థిత, శక్రదత్తియ విష్ణుకర్మ ప్రసిద్ధి. ఇంద్రుడు ఇవ్వగా విశ్వకర్మ కట్టిన నగరం అని చివరి మాటల భావం. గట్టిగా చదవండి, దండకం చదివినట్టుంటుంది.

భాగ్యనగరం భరత్ | జూలై 4, సాయంత్రం 6:10

చదువుతుంటే ఒళ్లు పులకరించింది. భాష మనది, రామాయణం మనది, దేవుళ్లు మనవాళ్లు. విమానాశ్రయంలో క్షీరసాగర మథనం విగ్రహం కూడా ఉందని విన్నాను. అంటే బ్యాంకాక్ వెళ్లడం అంటే మన ఇంటికే వెళ్లినట్టు కదా!

నది ఒడ్డు | జూలై 4, రాత్రి 8:25

భరత్ బాబూ, మీ సంతోషం అర్థమైంది. 1998లో నాకూ సరిగ్గా అదే అనిపించింది. అందుకే ఈ మాట జాగ్రత్తగా చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి.

ముందు ఆ విగ్రహం సంగతి. వచ్చేవాళ్లకి కనపడదు. వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ దాటాక ఉంటుంది. పైన విష్ణువు, అటూ ఇటూ దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. నేను వెళ్లినప్పుడల్లా రెండు నిమిషాలు ఆగుతాను.

ఇక రామాయణం. గ్రాండ్ ప్యాలెస్‌లో పచ్చల బుద్ధుడి గుడి చుట్టూ వసారా ఉంది. గోడల మీద 178 బొమ్మల్లో రామకథ మొత్తం గీశారు. పేరు రామకియెన్, అంటే రామకీర్తి. మొదటిసారి నేను ఆ వసారాలో నడుస్తూ మా ఆఫీసు స్నేహితుడికి కథంతా చెప్పుకుంటూ పోయాను. అతను వింటూనే ఉన్నాడు. ఒక బొమ్మ దగ్గర మాత్రం ఆపి, 'ఇది నేను చెప్పనా' అని అడిగాడు. తెల్లటి హనుమంతుడు సముద్రంలో ఒక మత్స్యకన్య వెంట పడుతున్నాడు. ఆమె పేరు సుఫన్నమచ్చ, సువర్ణమత్స్య. రావణుడి కూతురు. వారధి రాళ్లు ఎత్తుకుపోవడానికి వచ్చి హనుమంతుడి ప్రేమలో పడుతుంది. వాళ్లకి కొడుకు పుడతాడు. వీళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాదు. మన మైరావణుడి కథలో మత్స్యవల్లభుడు ఉన్నాడు కదా, దగ్గర చుట్టమే కానీ కథ వేరు. రావణుణ్ని వీళ్లు థోత్సకన్ అంటారు, దశకంఠుడు. ఆకుపచ్చ ముఖంతో వాట్ అరుణ్, అంటే అరుణ దేవాలయం, వాకిట్లో కాపలా నిలబడతాడు. గుడి ద్వారపాలకుడిగా రావణుడిని మనం పెట్టుకోం.

ఆ రోజు అతను చెప్పకపోతే నేను ఆ గోడల్ని ఇంటి దగ్గరి పాఠం అప్పజెప్పినట్టు చూసి వచ్చేసేవాణ్ని. వీళ్ల పాత రాజధాని అయుత్థయ పేరు మన అయోధ్యే. కానీ 1767లో బర్మా సైన్యం ఆ అయుత్థయని తగలబెట్టింది. 1782లో మొదటి రాముడనే రాజు ఈ నది ఒడ్డున కొత్త రాజధాని కట్టాడు. రామకియెన్‌ని తిరిగి రాయించిందీ ఆయనే. కాలిపోయిన ఊరిని, పోయిన పుస్తకాలని మళ్లీ నిలబెట్టుకోవడానికి వాళ్లు పడ్డ పాటు అది. ఆ పాటులో మనకి వాటా లేదు. ఇంటికి వచ్చినట్టు అనుకుంటే ఇవేవీ అడగాలనిపించదు. అతిథిగా వస్తేనే అడుగుతాం, వాళ్లు చెబుతారు.

లిపి పిచ్చి | జూలై 4, రాత్రి 9:00

నది ఒడ్డు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్కటి కలుపుతాను. ఈ మాటల్లో చాలా భాగం కంబోడియా వైపు ఖ్మేర్‌ల ద్వారా, బర్మా వైపు మోన్‌ల ద్వారా, పాళీ చదివిన భిక్షువుల ద్వారా వచ్చాయి. 'క్రుంగ్' అన్న మాటే సంస్కృతం కాదు. అసలు థాయ్ భాష స్వరం మీద నడుస్తుంది. అయిదు స్వరాలు. అది మన చెవికి పట్టాలంటే కష్టపడాలి. నేను మూడో ఏడాది కూడా పొరపాట్లు చేస్తున్నాను.

భాగ్యనగరం భరత్ | జూలై 4, రాత్రి 9:20

లేదండీ, కోపం ఎందుకు. సువర్ణమత్స్య సంగతి నాకు అసలు తెలియదు. వస్తే మాత్రం ఆ వసారాలో ఒక పూట ఉంటాను. మీరు వస్తారా నాతో?

నది ఒడ్డు | జూలై 4, రాత్రి 9:32

తప్పకుండా. పొద్దున్నే రావాలి, పదింటికల్లా బస్సులు దిగుతాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

వైజాగ్ అమ్మాయి | జూలై 6, మధ్యాహ్నం 3:10

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రైల్లో సురసక్ స్టేషన్ దాటుతుంటే నాలో నేనే 'శూరశక్తి' అనుకున్నాను.

మా సోయ్ మొదట్లో, సోయ్ అంటే సందు, ఒక అవ్వ బండి పెట్టుకుని సోమ్ తమ్ అమ్ముతుంది. పచ్చి బొప్పాయి కోరు, నిమ్మకాయ, తాటి బెల్లం, వేరుశెనగ. నేను ఆ బండి దగ్గర ఆగింది తినడానికి కాదు, చప్పుడుకి. మట్టి రోలు, చెక్క రోకలి. ఒక చేత్తో రోకలి దంచుతుంటే ఇంకో చేత్తో గరిటెతో కింది నుంచి పైకి తిప్పుతుంది. టక్, టక్, మధ్యలో గరిటె అంచు రోలుకి తగిలి చిన్న గీత లాంటి చప్పుడు. మా నానమ్మ దోసకాయ రోటి పచ్చడి నూరేటప్పుడు ముక్కలు మరీ మెత్తబడకుండా ఇలాగే పైపైన దంచేది. అవ్వ నా వైపు చూసి ఒక వేలు, రెండు వేళ్లు, మూడు వేళ్లు చూపించింది. మిరపకాయలు ఎన్ని అని. మూడు అన్నాను. ఆమె కనుబొమలు పైకి లేపి, మూడు వేసింది. తినడం అయ్యేదాకా నన్నే చూసి, చివర్లో చెయ్యి తట్టింది. పప్పుచారు గారూ, చేపల సాస్ వద్దంటే ఉప్పు వేసి ఇస్తుంది, నేను అడిగాను.

ఒకటి మాత్రం ఇంకా మింగుడు పడలేదు. మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో ఘుమఘుమలాడుతూ ఒక వాసన. బాగా తెలిసిన వాసన, కానీ ఆ చోట కాదు. దగ్గరికి వెళ్లి చూస్తే పెనంలో మాంసం వేపుడు, దాని మీద గుప్పెడు తులసి ఆకులు. ఫద్ క్రఫావ్ అంటారట. మన పెరట్లో కోటలో పూజించే తులసి జాతే అది. నేను ఆదివారాలు చికెన్ తినే మనిషినే. అయినా చెయ్యి వెనక్కి వచ్చింది. పక్క సీటు అమ్మాయి ఎందుకు తినవని అడిగితే, మా ఇంట్లో ఆ మొక్కకి దీపం పెడతామని చెప్పాను. ఆమె వెంటనే ప్లేటు కొంచెం దూరంగా జరిపి, సారీ అంది. నాకే కష్టంగా అనిపించింది. నువ్వు తిను, ఇది నీ కూర అని చెప్పి పక్కనే కూర్చున్నాను.

రాజమండ్రి కోడలు | జూలై 6, సాయంత్రం 4:45

మా అత్తయ్యగారు కిందటేడు మూడు నెలలు మా దగ్గర ఉన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, థాయ్ రాదు. వచ్చిన రెండో రోజు దిగులుగా కూర్చుంటే ఖ్లోంగ్ తోయ్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. ఊళ్లో పెద్ద కూరగాయల బజారు అది. నేల తడిగా ఉంటుంది, పాత చెప్పులు వేసుకోండి.

అక్కడ ఆవిడ ముఖం చూడాలి. ఒక్కో గంప దగ్గర ఆగి పేర్లు చెబుతున్నారు. తూటికూర! ఇదేమిటి, దొండ ఆకు కూడా అమ్ముతారా? అమ్ముతారు. లేత దొండ ఆకుతో వీళ్లు పులుసు నీళ్లలా సూప్ చేస్తారు. అవిసె పూలు, తెల్లటివి, కట్ట కట్టి పెట్టారు. మా అత్తయ్యగారు అవి చూసి అరవై ఏళ్లయిందట, చిన్నప్పుడు పుట్టింట్లో వాళ్లమ్మ వండేదట. మునక్కాయలు, అరటి పువ్వు, పచ్చి పనసకాయ. అమ్మే ఆవిడా అత్తయ్యగారూ ఒకే వయసు వాళ్లు. ఈవిడ తెలుగులో అడుగుతారు, ఆవిడ థాయ్‌లో జవాబు చెబుతుంది. అరటి పువ్వులో దొంగ కేసరం తియ్యాలని ఈవిడ వేలితో చూపిస్తే, అవును అవునన్నట్టు తలూపి ఆవిడ తీసి చూపించింది. నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డాను, నా అవసరమే రాలేదు.

ఎర్రటి షర్బత్ ఒకటి ప్రతి చోటా అమ్ముతారు, క్రచియప్ అని. అది గోంగూర జాతి పువ్వు తొడిమలతో చేసేది. ఆకు మాత్రం మనలా పచ్చడికి వాడటం నేను చూడలేదు. కందిపప్పు, కరివేపాకు, చింతపండు అన్నీ పాహురట్‌లో, అంటే ఇక్కడి ఇండియా బజారులో, దొరుకుతాయి. మెట్రోలో సామ్ యోత్ స్టేషన్‌లో దిగండి.

ఆ అమ్మాయికి మీరు పక్కనే కూర్చోవడం బాగుందమ్మా.

మూడు టికెట్లు | జూలై 7, ఉదయం 11:00

మేం ముగ్గురం వచ్చే నెల అయిదు రోజులకి వస్తున్నాం. మొదటిసారి. మోసాలు ఎక్కువని యూట్యూబ్‌లో చూసి టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకోవాలి?

పప్పుచారు | జూలై 7, ఉదయం 11:40

టెన్షన్ వద్దు. ఒకటి తెలిస్తే చాలు. ప్యాలెస్ బయట ఎవరో మర్యాదగా వచ్చి 'ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా, టుక్‌టుక్ 20 బాట్లే' అంటారు. ఆ బండి నగల దుకాణం దగ్గర ఆగుతుంది. గేటు దాకా మీరే నడిచి వెళ్లి చూసుకోండి. ట్యాక్సీ అయితే మీటర్ వేయమనండి, 35 బాట్లతో మొదలవుతుంది. విమానాశ్రయంలో కింది అంతస్తులో మిషన్ నుంచి చీటీ తీసుకుని ఎక్కితే అదనంగా 50 బాట్లు, అది న్యాయమైనదే. వాన పడుతున్నప్పుడు ఒకతను మా దగ్గర 300 అడిగాడు, దిగిపోయి రైలెక్కాం.

ఆగస్టులో సాయంత్రాలు వాన ఖాయం. గంట సేపు కుమ్మేసి ఆగిపోతుంది. చెప్పులు తడిసినా ఫర్వాలేదనిపించేవి తెచ్చుకోండి.

ఓరుగల్లు పిల్లగాడు | జూలై 7, మధ్యాహ్నం 12:20

సేన్ సేప్ కాలువ పడవ ఒక్కసారైనా ఎక్కుండ్రి. 1837ల తవ్వుడు మొదలుపెట్టిన కాలువ, ఇప్పటికీ ఆఫీసులకు పోయేటోళ్లు దాంట్లనే పోతరు. పడవ పక్కకు ప్లాస్టిక్ పరదా ఉంటది. ఎదురుగ ఇంకో పడవ వస్తే నీళ్లు చిల్లుతయి, అంచుకు కూసున్నోళ్లు తాడు గుంజి పరదా పైకి లేపాలె. నాకు మొదటి రోజు ఎవ్వరూ చెప్పలే. పక్కనున్న పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని తాడు మీద పెట్టి గుంజిపిచ్చిండు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. దిగేదాంక ఇద్దరం కలిసి గుంజినం.

వైజాగ్ అమ్మాయి | జూలై 11, ఉదయం 8:30

నిన్న ఇక్కడ సెలవు. అసన్హ బూచా. లిపి పిచ్చి గారు చెప్పినట్టు మెల్లగా పలికి చూసుకున్నాను, ఆషాఢ పూజ. మనకి గురు పౌర్ణమి. అమ్మ ఫోన్‌లో సాయిబాబా గుడికి వెళ్తున్నామని చెప్పింది. ఇవాళ్టి నుంచి ఖావ్ ఫన్సా, భిక్షువులు మూడు నెలలు వర్షాకాలం విహారం వదిలి వెళ్లరట. ఫన్సా అంటే వర్షమే.

మా అపార్ట్‌మెంట్‌లో గేటు దగ్గర కూర్చునే పెద్దావిడ ఉంది. అందరూ పా అంటారు, అంటే పెద్దమ్మ. రోజూ పొద్దున్నే వాకిట్లో చిన్న స్తంభం మీద ఉన్న బుల్లి ఇంటికి అగరొత్తులు వెలిగించి, ఎర్ర ఫాంటా సీసాలో స్ట్రా వేసి పెడుతుంది. ఆ స్థలాన్ని కాపాడే దేవతకి. మొదటి రోజు నుంచీ నేను ఆవిడకి దణ్ణం పెట్టి 'సవద్దీ ఖా' అంటున్నాను. నిన్న సాయంత్రం నన్ను ఆపి, నా చేతిలో ఒక తామర మొగ్గ, కొవ్వొత్తి, మూడు అగరొత్తులు పెట్టి, రమ్మని సైగ చేసింది.

సందు చివర గుడి. వంద మంది పైనే ఉన్నారు. కొవ్వొత్తులు వెలిగించుకుని గుడి చుట్టూ మూడుసార్లు తిరిగాం, కుడివైపుగా. ప్రదక్షిణం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. కానీ నేను అలవాటు కొద్దీ పెదాలు కదిలిస్తూ నడుస్తున్నాను, చుట్టూ ఉన్నవాళ్లు కొవ్వొత్తి వైపు చూస్తూ మెల్లగా నడుస్తున్నారు. రెండో చుట్టుకి నేనూ ఆపేశాను. మైనం కరిగి వేలి మీద పడుతుంటే, పా తన కాగితం ముక్క చించి సగం నా కొవ్వొత్తికి చుట్టింది. గుడి గోడ అవతల రోడ్డు మీద వాహనాలు వెళ్తూనే ఉన్నాయి.

తిరిగి వస్తూ సిగ్నల్ దగ్గర ఒక కుర్రాడు పూలదండలు అమ్ముతున్నాడు. మల్లె మొగ్గలు, కింద గులాబీ, మధ్యలో తెల్లగా మైనంతో చేసినట్టున్న మొగ్గలు. దగ్గరగా చూస్తే జిల్లేడు! ఆ పువ్వుని వీళ్లు 'రక్' అంటారని, రక్ అంటే ప్రేమ అని పక్క సీటు అమ్మాయి ఇందాక మెసేజ్‌లో చెప్పింది. ఒక దండ కొని పాకి ఇచ్చాను. ఆవిడ నా కోసం ఇంకోటి కొంది.

నది ఒడ్డు గారూ, భరత్ గారు వచ్చినప్పుడు ఆ వసారాకి నేనూ రావచ్చా? రేపు శనివారం సామ్ యోత్‌లో దిగి పాహురట్ వెళ్తున్నాను. సుఖుంవిట్ వైపు ఎవరికైనా కరివేపాకు కావాలంటే ఇవాళ సాయంత్రం లోపు చెప్పండి.

నది ఒడ్డు | జూలై 11, ఉదయం 9:05

రండమ్మా. కరివేపాకు మా ఆవిడకి రెండు కట్టలు.